లిన్‌వుడ్ వాయించని చోటు

పెళ్లయి నలభై ఏళ్లు దాటినా, మొగుడు వాయించే వాద్యం ఆర్నెటా గెయిన్స్‌కి ఒక్కసారి కూడా వినపడలేదు. చెవుడేమీ కాదు. పక్కింటి వాకిట్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో వంటింట్లో నుంచే చెప్పగలదు. చర్చిలో పాడేటప్పుడు ఎవరి గొంతు ఎక్కడ జారిందో, ఆ జారినావిడ కంటే ముందే పట్టేస్తుంది. కానీ లిన్‌వుడ్ వాయించేది బేస్ గిటార్. ఆ నాలుగు లావుపాటి తీగల మోత మిగతా వాద్యాలన్నిటి కిందా, ఇంటి కింద పునాదిలా పడి ఉంటుంది. గృహప్రవేశానికి పోయినవాళ్లు పునాది చూసి రారు కదా. ఆర్నెటా కూడా పియానో విన్నది, డ్రమ్ములు విన్నది, శాక్సఫోన్ విని మురిసిపోయింది. మొగుణ్ని మాత్రం వినలేదు.

చెప్పుకుంటే సిగ్గుచేటు. లిన్‌వుడ్ గెయిన్స్ అల్లాటప్పా వాయిద్యగాడైతే పోనీలే అనుకోవచ్చు. డెబ్భై మూడులో, కాన్సస్ సిటీ ట్రూస్ట్ అవెన్యూ వెనకున్న పాత ఐసు ఫ్యాక్టరీలో రికార్డు చేసిన 'బ్రిక్‌యార్డ్ వెదర్' ఆల్బమ్‌లో బేస్ అతనిదే. జాజ్‌నీ రాక్‌నీ ఒకే పెనం మీద వేసి కాలుస్తున్న రోజులవి. చాలామంది మాడబెట్టారు, వీళ్లది కుదిరింది. ఇప్పటికీ ఆ బేస్ కోసమే ఆ రికార్డు కొనేవాళ్లున్నారు. ఒసాకా నుంచి ఒకాయన వచ్చి లిన్‌వుడ్ కుడిచేతి వేళ్లకి ఫొటో తీసుకుని, మొహానికి తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ రికార్డు అచ్చయి ఇంటికొచ్చిన రోజున లిన్‌వుడ్ పెళ్లాన్ని సోఫాలో కూర్చోబెట్టి, ముల్లు పెట్టి, మొదటి వైపంతా వినిపించాడు. తర్వాత అడిగాడు: "ఎలా ఉంది, నెటీ?"

ఆర్నెటాకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అబద్ధం కొత్త, మొగుడూ కొత్తే. "అంతా బాగానే ఉంది కానీ, ఆ మధ్యలో ఉంది చూడు, ప్రాణమంతా అక్కడే ఉంది" అనేసింది. ఏ పాటకైనా మధ్య అనేది ఒకటుంటుంది, అందులో ఏదో ఒకటి ఉండకపోదు అని ఆమె లెక్క.

లిన్‌వుడ్ మొహం అదోలా అయిపోయింది. చూపు తిప్పుకున్నాడు. లేచి వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడక్కుండానే అంట్లన్నీ తోమేశాడు.

మెచ్చుకోలు మగాణ్ని ఇంతగా మెత్తబరుస్తుందా అని ఆర్నెటా ఆశ్చర్యపోయింది. మనిషన్నాక ఒకసారి పారిన మంత్రాన్ని ఊరికే వదలడు. అప్పటినుంచీ పెరట్లో గడ్డి కొయ్యాలన్నా, పీచ్ ఐస్‌క్రీమ్ తినాలనిపించినా, తన చెల్లెలు వారం రోజులు ఉండిపోవడానికి వస్తోందని చెప్పాలన్నా, ముందుగా ఒక నిట్టూర్పు విడిచి, "పొద్దున మళ్లీ విన్నాను, లిన్‌వుడ్. ఆ మధ్యలో... అబ్బ!" అనేది. లిన్‌వుడ్ నోరెత్తకుండా కారు తాళాలు తీసుకుని బయల్దేరేవాడు. సంసారం కడుపులో చల్ల కదలకుండా సాగిపోయింది.

దానికి ముసలం మార్టీ కోహౌట్ రూపంలో వచ్చింది.

మార్టీది ముప్ఫై తొమ్మిదో వీధిలో రికార్డుల దుకాణం. నెలకో ఆదివారం మధ్యాహ్నం అక్కడ 'వినడం' జరుగుతుంది. వచ్చినవాళ్లు ఫోన్లు బుట్టలో పడేసి, మడతకుర్చీల్లో కూర్చుని, ఒక రికార్డు ఒక వైపంతా నోరు మూసుకుని వింటారు. అందరికీ ఎదురుగా, రెండు స్పీకర్ల నడుమ ఒక కుర్చీ వేస్తారు. దాన్ని ముందు కుర్చీ అంటారు. అందులో కూర్చున్నవాళ్లు తమకి నచ్చిన చోటల్లా చెయ్యెత్తాలి. అయ్యాక ఎందుకెత్తారో చెప్పాలి. కావాలంటే ముల్లు ఒక్కసారి వెనక్కి పెట్టించుకునే హక్కు కూడా వాళ్లకుంది. ఎత్తకూడని చోట ఎత్తితే ఎవరూ ఏమీ అనరు. అనరు, కానీ చూస్తారు. ఆ చూపు కంటే నాలుగు తిట్టడమే నయం.

"బ్రిక్‌యార్డ్ వెదర్‌కి నలభై ఏళ్లు నిండుతున్నాయి, మిసెస్ గెయిన్స్" అన్నాడు మార్టీ, గుమ్మంలో టోపీ తీసి చేత పట్టుకుని. "ఈసారి అందరం బేస్ ఒక్కటే వింటాం. ముందు కుర్చీలో మీరు కూర్చోవాలి. ఆయన బేస్ మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?"

ఆర్నెటా కుదరదని చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా లిన్‌వుడే అందుకున్నాడు.

"ఆవిడెందుకు, మార్టీ? ఆదివారం ఆవిడకి చర్చిలో బోలెడు పని. ఇంకెవర్నైనా చూడు."

"మధ్యాహ్నం చర్చి ఏమిటి, లిన్‌వుడ్?" అంది ఆర్నెటా.

"అది కాదు, నెటీ. అక్కడ నిపుణులొస్తారు. వాళ్ల ముందు నువ్వెందుకు ఇబ్బంది పడడం?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటారే, ఆర్నెటా సరిగ్గా అదే చేసింది. మొగుడికి అనుమానం వచ్చేసిందనీ, తనకేమీ వినపడదని కనిపెట్టేశాడనీ అనుకుంది. అనుకోగానే ఒళ్లు మండింది.

"ఏం, నేను పనికిరానా? కూర్చుంటాను, మార్టీ. నా పేరు రాసుకో."

"సంతోషం! డెల్‌రాయ్స్ నుంచి రిబ్స్ కూడా తెప్పిస్తున్నాను" అన్నాడు మార్టీ.

"ఇంకేదైనా తెప్పించకూడదూ?" అన్నాడు లిన్‌వుడ్, ఎవరికీ వినపడనంత నీరసంగా. రిబ్స్ అంటే పొగ మీద కాల్చిన పక్కటెముకల మాంసం. డెల్‌రాయ్స్‌వి వద్దన్న మనిషి కాన్సస్ సిటీలో అతనే మొదలు. ఆ దుకాణం తలుపు మీద ఒక ఎర్రబల్బు ఉంటుంది. మాంసం పొగపొయ్యి మీంచి దిగగానే డెల్‌రాయ్ దాన్ని వెలిగిస్తాడు. వెలిగిందంటే వీధి వీధంతా తలుపు తోసుకుని లోపలికి పడుతుంది. ఆర్నెటా, లిన్‌వుడ్ మొదటిసారి ఒకళ్ల కాలు ఒకళ్లు తొక్కుకున్నది ఆ తోపులాటలోనే.

మర్నాడు ఆర్నెటా పీచ్ పళ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం కాల్చి, వేడి పళ్లెం తువ్వాల్లో చుట్టుకుని, బిస్కెట్ రెయినీ ఇంటికి పోయింది. ఆ ఆల్బమ్‌లో డ్రమ్ములు వాయించినవాడు బిస్కెట్. అసలు పేరు వాళ్లమ్మకి కూడా గుర్తుండేది కాదు. వృద్ధుల అపార్ట్‌మెంట్లో ఒంటిగదిలో ఉంటాడు. నోట్లో నువ్వుగింజ నానదు. అటువంటివాడికి రహస్యం చెప్పడం మూర్ఖత్వమే, కానీ బేస్ గురించి అడగాలంటే పక్కన కూర్చుని వాయించినవాణ్ని అడగాలి. అలాంటివాడు ఇతనొక్కడే మిగిలాడు.

"బిస్కెట్, ఇది ఎవరికైనా చెప్పావో, ఈ కాబ్లర్ నీ జన్మకి ఆఖరిది."

"చెప్పు తల్లీ."

"నాకు లిన్‌వుడ్ వినపడడు."

"ఈ వయసులో ఏ మొగుడు ఏ పెళ్లానికి వినపడతాడు? మా ఆవిడ బతికున్నన్నాళ్లూ నన్ను వినలేదు."

"మాటలు కాదు సన్నాసీ. బేస్!"

బిస్కెట్ చేతిలో చెంచా గాల్లో ఆగింది. "ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"మరి ఆ మధ్యలో ఉంది, ఆ మధ్యలో ఉంది అంటుంటావటగా?"

"అది ఊరికే అనేదాన్ని. ఏదో ఒకటి అనాలి కదా."

"ఊరికేనా?"

"ఊరికేనే. ఏం?"

బిస్కెట్ ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, నీళ్లు తాగి, దుప్పటి కొసతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. ఎందుకో చెప్పమంటే తల అడ్డంగా ఊపాడు. నువ్వుగింజ నానని నోరు ఆ పూట ఏదో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"రా, కూర్చో. నీ కాలు చూసుకో" అన్నాడు చివరికి, రికార్డు మీద ముల్లు పెడుతూ.

మొదటి పాట మొదలైంది. ఆర్నెటా చెప్పు నేల మీద ఆడుతోంది. అది ఎప్పుడూ ఆడేదే, ఆమె పట్టించుకోలేదు.

"నీ కాలుని ఎవరాడిస్తున్నారు?"

"నువ్వే కదా. డ్రమ్ములు."

"నేనా? నేను కొట్టేది ఇదిగో, ఇక్కడ." బిస్కెట్ చెంచాతో పళ్లెం అంచు మీద కొట్టి చూపించాడు. ఆర్నెటా కాలు ఆ దెబ్బలతో కలవడం లేదు. ఒక వెంట్రుక వెనకగా, వేరే దారిన, తన పాటికి తాను పోతోంది. "చూశావా? నా మాట వినడంలేదు అది. పియానో మాట కూడా వినడంలేదు. మరి ఎవరి మాట వింటోంది?"

ఆర్నెటా తన కాలుని పరాయి మనిషిని చూసినట్టు చూసింది. కాలు వింటున్నదేమిటో చెవితో వెతికింది. బిస్కెట్ లేచి, పైస్థాయి స్వరాలు తగ్గించే మీట తిప్పి, చిన్న స్పీకర్ మీద కాబ్లర్ తువ్వాలు కప్పాడు. శాక్సఫోన్ పక్కగదిలోకి వెళ్లిపోయినట్టయింది. అప్పుడు కింద నుంచి, గుండ్రంగా, నింపాదిగా ఒక నడక వినిపించింది.

పియానో ఏదో గొప్పలు పోతూ పరిగెడుతోంటే, కింద నుంచి అది 'అలాగా?' అంటోంది. శాక్సఫోన్ ఏడుపు మొదలుపెడితే భుజం మీద చెయ్యేసి రెండడుగులు వెంట నడిచి, మూడో అడుగున దారి మళ్లిస్తోంది. అందరూ గుమ్మంలోంచి తోసుకుపోయేదాకా ఆగి, ఒక్క లిప్త తర్వాత తను అడుగు వేస్తుంది. ఆ అడుగు పడ్డాక కానీ, తక్కినవాళ్లు ఎక్కడున్నారో వాళ్లకే తెలియడంలేదు. అచ్చం లిన్‌వుడ్. చర్చి మీటింగులో పదిమంది అరుచుకుంటుంటే చేతులు కట్టుకుని ఊరుకుని, చివర్లో ఒక్క మాటంటాడు. ఆ మాట మీదే అందరూ ఇళ్లకి పోతారు.

"అదా?" అంది ఆర్నెటా.

"అదే."

"ఇంత గట్టిగా ఉందా ఇన్నాళ్లూ?"

"ఇంత గట్టిగానే ఉంది. నీ కాలు పెళ్లినాటి నుంచీ వింటూనే ఉంది. చెవులే ఆలస్యం."

ఆర్నెటాకి పట్టరానంత సంతోషం వచ్చింది. దాని వెనకే పట్టరానంత సిగ్గూ వచ్చింది. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. ఆమె ఆ చెట్టు ఆకు కూడా నలిపి చూడలేదు. ఒసాకా నుంచి వచ్చినవాడికి తెలిసిన మొగుడు ఒకే మంచం మీద పడుకునే తనకి తెలియలేదు. ముక్కు చీదుకుని, "మళ్లీ పెట్టు" అంది.

రెండో పాట ఇంకా తొందరగా పట్టుబడింది. అందులో లిన్‌వుడ్ ఒకచోట పైకెక్కి, శాక్సఫోన్ పట్టుకోబోయిన స్వరాన్ని ముందే తీసుకుని, ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోతాడు. ఆర్నెటా పకపకా నవ్వింది. "దొంగవెధవ!" అంది ముద్దుగా.

రెండోది అవగానే బిస్కెట్ ముల్లు పైకెత్తేశాడు.

"ఈ వైపున మూడో పాట కూడా ఉందిగా. 'వెట్ సిమెంట్'."

"అది పరీక్షలో వస్తుంది. అక్కడే విను."

"మరి నేను తప్పితే?"

"నువ్వు దాంట్లో తప్పడమంటూ ఉండదు, తల్లీ. ఆ కాబ్లర్ ముక్క ఇలా తోయి" అన్నాడు బిస్కెట్. దుప్పటి కొస మళ్లీ కళ్ల దగ్గరికి పోయింది.

ఆదివారం మార్టీ దుకాణం కిటకిటలాడింది. రికార్డు పెట్టెలన్నీ గోడకి నెట్టేశారు. వెనక బల్ల మీద డెల్‌రాయ్స్ రిబ్స్ గోధుమరంగు కాగితంలో చుట్టి ఉన్నాయి. నూనె దిగి కాగితం అద్దంలా మెరుస్తోంది. కర్బీ లండ్ అనే పళ్ల డాక్టరు అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు. వారమంతా పళ్లు పీకి, శని ఆదివారాలు బేస్ వాయించుకునే మనిషి. అతని చొక్కా మీద నాలుగు అడ్డగీతలు తప్ప ఇంకేమీ లేవు. ఉతుకులో అచ్చు పోయిందేమో పాపం అనుకుంది ఆర్నెటా.

"ఇదేమిటో మీకు నేను చెప్పాలా, మిసెస్ గెయిన్స్?" అని డాక్టరు కన్ను గీటాడు.

"అక్కర్లేదులెండి" అంది ఆర్నెటా హుందాగా.

లిన్‌వుడ్ ముందు వరసలో వేసిన కుర్చీ వదిలేసి, వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. ఆ పక్కనే బిస్కెట్, పెళ్లిభోజనానికి వచ్చినవాడిలా చేతులు రుద్దుకుంటున్నాడు. మార్టీ ముల్లు పెట్టాడు.

మొదటి పాటలో ఆర్నెటా చెయ్యి సరైన చోట లేచింది. ముందు వరసలో తలలు ఊగాయి. రెండో పాటలో, శాక్సఫోన్ స్వరాన్ని లిన్‌వుడ్ దొంగిలించిన చోట, స్వరం కంటే ముందే లేచింది. పళ్ల డాక్టరు పక్కవాడి తొడ మీద చరిచాడు. ఆర్నెటాకి ధైర్యం వచ్చి, కాలు మీద కాలేసుకుంది.

మూడోది 'వెట్ సిమెంట్'. నెమ్మదిగా మొదలై ఊపందుకునే పాట. ఆర్నెటా కింది నడక చెయ్యి పట్టుకుని వెంట పోతోంది. పాట సగానికి వచ్చింది. శాక్సఫోన్ ఊపిరి బిగబట్టింది, పియానో మెట్లెక్కుతోంది. ఇప్పుడొస్తుంది లిన్‌వుడ్ అడుగు అనుకునేసరికి, అడుగు పడలేదు.

పోయింది. ఎక్కడా లేదు. పియానో ఉంది, డ్రమ్ములున్నాయి, కింద నేల లేదు. ఆర్నెటాకి చెమటలు పట్టాయి. నిన్నగాక మొన్న వచ్చిన చెవులు ఇంతమందిలో ఇప్పుడే పోవాలా దేవుడా అనుకుంది. కాలు చూసుకుంది. అది కూడా గాల్లో ఆగిపోయి ఉంది. అంటే చెవుల తప్పు కాదు. నిజంగానే అక్కడ లిన్‌వుడ్ లేడు.

ఎదురుగా పళ్ల డాక్టరు కళ్లు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు అరచేతులు పైకి పెట్టాడు. అతని చొక్కా మీద ఉత్త నాలుగు గీతలు. వెనక బల్ల మీంచి రిబ్స్ వాసన వచ్చి ముక్కుకి తగిలింది. వెనక వరసలో లిన్‌వుడ్ తల వంచుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఆర్నెటాకి ఎర్రబల్బు గుర్తొచ్చింది.

ఆ ఆల్బమ్ రికార్డు చేస్తున్న రోజుల్లో ఆమె టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం తిండి విరామంలో డెల్‌రాయ్స్‌లో రిబ్స్ కట్టించుకుని, మొగుడు ఆకలితో ఉంటాడని ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తింది. లోపల మందపాటి తలుపు, దాని మీద ఎర్రబల్బు వెలుగుతోంది. రికార్డింగ్ జరుగుతోంది, ఎవరూ రావద్దని దానికర్థం. కానీ ఆర్నెటా జీవితంలో తలుపు మీద ఎర్రబల్బుకి ఒకే ఒక్క అర్థం ఉంది. తోసుకుని లోపలికి పోయింది. చేతిలో సంచి అడుగు నూనెకి నానిపోయి, సరిగ్గా లిన్‌వుడ్ ముందుకు వచ్చేసరికి తెగింది. లిన్‌వుడ్ తీగలు వదిలేసి రెండు చేతులా రిబ్స్ పట్టుకున్నాడు. పియానో దగ్గర హార్లన్ వాస్, బృందానికి నాయకుడు, కళ్లతోనే ఆమెని కాల్చేశాడు. "వేడిగా ఉన్నప్పుడే తిను" అని మొగుడి చెవిలో చెప్పి, మునివేళ్ల మీద బయటికి వచ్చేసింది. పాట ఆగలేదు కాబట్టి చెడింది ఏమీ లేదనుకుంది. ఆమె చెవికి అక్కడ ఆగినదంటూ లేదు మరి.

ఆర్నెటా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

అది పైకి లేచిన తర్వాత లిన్‌వుడ్ స్వరం తిరిగి వచ్చింది. లావుగా, నున్నగా, కాస్త జారుతూ. గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పాట అయిపోయి ముల్లు లేవగానే చప్పట్లు మొదలయ్యాయి.

"ఖాళీలో ఎత్తింది! అందరూ తిరిగొచ్చిన స్వరానికి ఎత్తుతారు, ఈవిడ ఖాళీకి ఎత్తింది!" పళ్ల డాక్టరు లేచి నిలబడ్డాడు. "నాలుగు ఆవర్తనాలు, నా చొక్కా మీద ఈ నాలుగు తీగల్లాగే, ఒక్క స్వరం లేదు. అంత ధైర్యం ఏ బేస్ వాద్యగాడికుంది? అది మౌనం కాదు, తపస్సు! తర్వాత వచ్చే ఆ స్వరంలో ఆ నిగారింపు! పదేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, నా వేళ్లకి రావడంలేదు."

"రిబ్స్ తిని చెయ్యి కడుక్కోకుండా వాయించి చూడు నాయనా" అంది ఆర్నెటా.

వెనక నుంచి బిస్కెట్ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు శబ్దం చేశాడు. తక్కినవాళ్లు నవ్వారు.

"మీరే చెప్పాలి, మిసెస్ గెయిన్స్" అన్నాడు మార్టీ. "అక్కడ ఎందుకెత్తారు?"

లిన్‌వుడ్ తలెత్తి ఆమె వైపు చూశాడు. వద్దు అన్నట్టుంది ఆ చూపు. ఆర్నెటా నాలుక చివర నలభై ఏళ్ల నాటి నిజం కూర్చుంది. దాన్ని మింగెయ్యడం ఆమె చేతకాని పని.

"ఎందుకంటే, అక్కడ వాయించింది ఆయన కాదు. నేను."

దుకాణం గొల్లుమంది. భార్యన్నాక ఆ మాత్రం చమత్కారం లేకపోతే ఎలా అన్నారు. పళ్ల డాక్టరు, "నిజమే, మౌనం వెనక ఎప్పుడూ ఒక స్త్రీ ఉంటుంది" అని కూడా అన్నాడు. అందరూ రిబ్స్ బల్ల మీద పడ్డారు. ఆ సందట్లో లిన్‌వుడ్ రిబ్స్ పళ్లెంతోనే ఆమెని మోచెయ్యి పట్టుకుని పాత రికార్డుల మూలకి లాక్కుపోయాడు.

"నలభై ఏళ్లు దెప్పింది చాలదా, నెటీ? ఊరందరి ముందూ అనాలా?"

"దెప్పానా? ఎప్పుడు?"

"ఎప్పుడా? హార్లన్ ఆ రోజు జన్మలో వాయించనంత బాగా వాయించాడు, ఇంకోసారి రాదని దాన్నే ఉంచేశాడు. పత్రికలవాళ్లు ఆ ఖాళీని పట్టుకుని పొగిడారు. నేను నోరు మూసుకున్నాను. తప్పే. ఇంటికొస్తే నువ్వేమన్నావు? ప్రాణమంతా ఆ మధ్యలోనే ఉంది అన్నావు. సరే, ఆ ఖాళీ నీ వల్లే వచ్చింది, నీ వాటా నువ్వడుగుతున్నావు, న్యాయమే కదా అనుకున్నాను. నలభై ఏళ్లు అంట్లు తోమాను, నెటీ!"

ఆర్నెటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. "నేను నీ వాయిద్యం మెచ్చుకుంటున్నాననుకున్నా!"

"వాయించని చోటునా?"

"అక్కడ వాయించలేదని నాకేం తెలుసు?"

అనేశాక తెలిసింది ఏమందో. లిన్‌వుడ్ నవ్వబోయినవాడు ఆగిపోయాడు. అతను నెమ్మదిగా ఆలోచించే మనిషి, కానీ ఆలోచన ఆఖరిదాకా పోతుంది.

"తెలియకపోవడం ఏమిటి? విన్నావు కదా?"

ఇంక దాచి లాభం లేదు. "నాకు నువ్వు వినపడేవాడివి కాదు, లిన్‌వుడ్. ఎంత ప్రయత్నించినా. మొన్న బిస్కెట్ నేర్పేదాకా."

లిన్‌వుడ్ కోప్పడి ఉంటే బాగుండేది. పళ్లెం పక్కన పెట్టి, కాగితం రుమాలుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "పోనీలే. బేస్ ఎవరికి మాత్రం వినపడుతుంది" అన్నాడు. రుమాలు ఉండ చుట్టి, "ఊళ్లో ఎవరికీ వినపడకపోయినా ఇంట్లో ఒకదానికి వినపడుతోంది కదా అనుకునేవాణ్ని. దెప్పితే దెప్పింది, విన్నది కదా అని" అన్నాడు.

"ఇప్పుడు వింటున్నాను. ఒట్టు."

"బిస్కెట్ నేర్పిన పాఠం ఒప్పజెప్పావు. బాగా ఒప్పజెప్పావు" అని వెనక వరసలోకి వెళ్లి తలుపు పక్కన కూర్చున్నాడు.

ఆర్నెటా నవ్వంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఇంటికెళ్లి ఏడిస్తే లాభం లేదు, ఐస్‌క్రీమ్ కొనిపెడితే లాభం లేదు. వినడం అనేది చెబితే నమ్మేది కాదు. ఆమె తిన్నగా వెళ్లి ముందు కుర్చీలో కూర్చుంది.

"మార్టీ, నాకు ముల్లు వెనక్కి పెట్టించుకునే హక్కుంది కదా. 'వెట్ సిమెంట్' మొదటినుంచీ పెట్టు."

నోళ్లలో రిబ్స్‌తోనే అందరూ వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. లిన్‌వుడ్ మొదటి స్వరం పడగానే ఆర్నెటా చెయ్యెత్తింది. స్వరం పోయింది, రెండోది వచ్చింది, చెయ్యి దిగలేదు. మూడోది వచ్చింది, దిగలేదు. ముందు వరసలో మొహాలు చూసుకున్నారు. "ఆవిడ ఆట మర్చిపోయినట్టుంది" అని పళ్ల డాక్టరు గొణిగాడు. మార్టీ సైగ చేశాడు. ఆర్నెటా లెక్కచెయ్యలేదు. అరవై నాలుగేళ్ల భుజం లాగేస్తోంటే, రెండో చేత్తో మోచేతిని ఎత్తిపట్టుకుని మరీ నిలబెట్టింది. పియానో ఎంత గంతులేసినా, శాక్సఫోన్ ఎంత పిలిచినా అటు చూడలేదు. వెనక వరసలో కూర్చున్న మనిషినే చూస్తోంది. అతను నేలనే చూస్తున్నాడు.

పాట సగానికి వచ్చింది. శాక్సఫోన్ ఊపిరి బిగబట్టింది. పియానో మెట్లెక్కింది. లిన్‌వుడ్ ఆఖరి స్వరం మోగి ఆరిపోయిన చోట, ఒక్క వెంట్రుకవాసి ముందూ కాదు, వెనకా కాదు, ఆర్నెటా చెయ్యి కిందికి దిగింది.

లిన్‌వుడ్ తలెత్తాడు. ఒడిలో పెట్టుకున్న ఆమె చేతుల్ని చూశాడు, మొహం చూశాడు. పక్కన బిస్కెట్ నవ్వడం మర్చిపోయి చూస్తున్నాడు. బేస్ లేని ఆ నాలుగు ఆవర్తనాల్లో, వెనక వరసలోంచి, లిన్‌వుడ్ తన చెయ్యి నిటారుగా పైకెత్తాడు. తన స్వరం తిరిగి వచ్చేదాకా దించలేదు.